బాయిలర్ గ్లాసులో నీళ్ళు



ఈ పూట బాయిలర్ గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. "అది మిల్లు వాళ్ళ గొడవ కదా, మాకెందుకు" అని రేడియో కట్టెయ్యకండి. మన తాడేపల్లిగూడెం చుట్టుపక్కల బాయిలర్‌తో సంబంధం లేని ఇల్లు దొరకడం కష్టం. మీ చేలో పండిన దాళ్వా ధాన్యంలో చాలా భాగం బాయిలర్ ఉన్న మిల్లుకే చేరుతుంది. కొల్లేరు వైపు మీకు చెరువు ఉందా? ఆ చెరువులో చల్లే మేత ఆవిరి తగిలి తయారైందే. పామాయిల్ తోట ఉందా? మీ గెలలు ఫ్యాక్టరీ గేటు దాటాక మొదట వెళ్ళేది ఆవిరిలోకే. ఇవేమీ లేవనుకోండి. ఇప్పుడు మీ నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను సంగతి? ఆ కరెంటులో కొంతైనా ఏదో ఒక బాయిలర్‌లో మరిగిన నీళ్ళ పుణ్యమే.

అసలు బాయిలర్ అంటే ఏమిటి? మన పెరట్లోనే చూద్దాం.

పాత ఇళ్ళలో స్నానానికి నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్ మీలో చాలామంది ఎరుగుదురు. మధ్యలో నిలువుగా ఒక గొట్టం. ఆ గొట్టంలో కొబ్బరి డొక్కలో, పుల్లలో వేసి మంట పెడతాం. గొట్టం చుట్టూ నీళ్ళు. ఒకవైపు చన్నీళ్ళు పోస్తే రెండోవైపు ముక్కులోంచి వేన్నీళ్ళు వస్తాయి. దీన్ని బాయిలర్ అంటాం. టీ కొట్టు మీద కుతకుతలాడే దాన్నీ బాయిలరే అంటాం. మిల్లు వెనక, రేకుల షెడ్డులో, ఎత్తయిన పొగగొట్టం కింద ఉండేదీ బాయిలరే.

మరి తేడా ఎక్కడుంది? మూతలో ఉంది. పెరట్లో బాయిలర్‌కు నోరు తెరిచే ఉంటుంది. నీళ్ళు మరిగితే ఆవిరి గాల్లోకి పోతుంది. మిల్లు బాయిలర్‌కు నోరు మూసి ఉంటుంది. ఆవిరి పోవడానికి దారి లేదు. మనం వాల్వు తిప్పితేనే బయటికి వస్తుంది. నోరు తెరిచి ఉన్నది వేన్నీళ్ళ పాత్ర. నోరు మూసి ఉన్నది బాయిలర్. చట్టం కూడా ఇంచుమించు ఇలాగే చూస్తుంది. పాతిక లీటర్ల లోపు పాత్రయినా, చదరపు సెంటీమీటరుకు కిలో ప్రెషర్ కూడా రానిదైనా, నీళ్ళు నూరు డిగ్రీల లోపే వేడెక్కేదైనా చట్టం లెక్కలో బాయిలర్ కాదు. కాబట్టి మీ పెరటి బాయిలర్‌కు ఇన్‌స్పెక్టర్ రాడు, నిశ్చింతగా స్నానం చేయండి.

సరే, నోరు మూసి ఆవిరిని పట్టి ఉంచడం ఎందుకు? వేన్నీళ్ళతో పని జరగదా? ఇక్కడ ప్రకృతి మనకు పెట్టిన ఒక పెద్ద కానుక ఉంది. కాస్త నెమ్మదిగా వినండి.

కిలో నీళ్ళు తీసుకుందాం. మామూలుగా 30 డిగ్రీల్లో ఉంటాయి. మరిగే దాకా, అంటే 100 డిగ్రీల దాకా తీసుకుపోవడానికి 70 కిలో కేలరీల వేడి చాలు. మరిగే ఆ నీళ్ళను పూర్తిగా ఆవిరి చేయాలంటే? ఇంకో 540 కావాలి. మళ్ళీ చెబుతున్నాను. కాగడానికి 70. ఆవిరి కావడానికి 540. థర్మామీటరు పెట్టి చూస్తే రెండూ 100 డిగ్రీలే. కానీ ఆవిరి ఆ 540నీ తన కడుపులో దాచుకుని బయల్దేరుతుంది. ఎక్కడ చల్లటి వస్తువు తగిలితే అక్కడ మళ్ళీ నీరై, దాచుకున్నదంతా అక్కడ దింపేస్తుంది. వేడిని మోసుకుపోయి సరిగ్గా కావలసిన చోట అప్పగించడంలో ఆవిరికి సాటి దొరకడం కష్టం. వేన్నీళ్ళు చెయ్యిమీద పడితే బొబ్బ ఎక్కుతుంది. ఆవిరి తగిలితే అంతకంటే ఘోరంగా కాలుతుంది. కారణం ఆ 540.

ఇప్పుడు మిల్లులోకి రండి. దాళ్వా పంట ఎండల్లో కోతకు వస్తుంది. గింజ ఆ వేడికి లోపల సన్నగా పగుళ్ళిస్తుంది. అలాగే పచ్చిగా ఆడిస్తే బియ్యం తక్కువ, నూకలు ఎక్కువ. రైతుకూ నష్టం, మిల్లరుకూ నష్టం. అందుకని ఆ ధాన్యాన్ని ఉప్పుడు బియ్యం చేస్తారు. ముందు వేన్నీళ్ళలో గంటల తరబడి నానబెడతారు. తరవాత ఆవిరి పట్టిస్తారు. ఆ ఆవిరి వడ్ల సందుల్లోకి దూరి, ప్రతి గింజ మీదా నీరై, తన వేడిని గింజలోకి దింపుతుంది. లోపలి పిండి పదార్థం మెత్తబడి జిగురు కడుతుంది. పగుళ్ళు అతుక్కుంటాయి. ఆరాక గింజ రాయిలా గట్టిపడుతుంది. ఇక మరలో వేస్తే విరగదు.

ఇంకో మేలు కూడా జరుగుతుంది. పై పొరలో, తవుడులో ఉండే బి విటమిన్ కొంత నీళ్ళతోపాటు గింజ లోపలికి దిగుతుంది. తవుడు పోయినా ఆ విటమిన్ కొంత బియ్యంలోనే మిగులుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే తిండిగా బతికిన చోట్ల బెరిబెరి జబ్బు పీడించిన రోజుల్లో, ఉప్పుడు బియ్యం తినేవాళ్ళ జోలికి అది అంతగా రాలేదు. మన గోదావరి జిల్లాల బొండాలు రకం ఉప్పుడు బియ్యమంటే కేరళవాళ్ళకు ప్రాణం. ఇక్కడ మనం అంతగా తినకపోయినా, వాళ్ళ కంచంలోకి వెళ్ళే అన్నానికి మన బాయిలర్లు ఆవిరి పడుతున్నాయి.

ఆవిరి పట్టిన ధాన్యాన్ని ఆరబెట్టడానికీ బాయిలరే దిక్కు. పూర్వం సిమెంటు కళ్ళాల మీద ఎండబోసి, మబ్బు పట్టిందంటే పరుగులు తీసేవారు. ఇప్పుడు డ్రయ్యర్లు వచ్చాయి. ఆవిరి గొట్టాల మీదుగా గాలిని పంపి, వేడెక్కిన ఆ గాలితో ఆరబెడతారు. వాన వచ్చినా పని ఆగదు.

మరి ఇంత ఆవిరికి వంటచెరకు ఏది? ఊక. 100 కిలోల ధాన్యం ఆడిస్తే 20 కిలోల చుట్టూ ఊక వస్తుంది. అదే ధాన్యం తన పొట్టుతో తానే ఉడుకుతుంది. నాకు ఈ ఏర్పాటు చూస్తే ఎప్పుడూ ముచ్చటేస్తుంది. పెదవేగిలో ఆయిల్‌ఫెడ్ పామాయిల్ ఫ్యాక్టరీ దగ్గరా ఇదే కథ. పామాయిల్ గెల కోశాక ఆలస్యమైతే నూనె పులుస్తుంది. గెలను వెంటనే ఆవిరిలో పెడితే ఆ పులుపు పట్టడం ఆగిపోతుంది, కాయలు గెల నుంచి సులువుగా రాలతాయి. నూనె పిండాక మిగిలిన పీచు, డొక్కు పామాయిల్ మిల్లుల్లో మళ్ళీ బాయిలర్ కిందికే పోతాయి. పంచదార మిల్లుల్లో చెరకు పిప్పి. తణుకులో 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్ కాలం నుంచీ మన ప్రాంతం ఎరిగిన పద్ధతే అది.

రొయ్యల మేత సంగతి కూడా చెప్పేస్తాను. రొయ్య గబగబా మింగే జీవి కాదు. గుళికను కాళ్ళతో పట్టుకుని కొంచెం కొంచెంగా కొరుక్కుతింటుంది. ఆ లోపు గుళిక నీళ్ళలో కరిగిపోతే మేతా పోయె, చెరువూ పాడాయె. అందుకని పిండికి ఆవిరి పట్టించి, జిగురు తేల్చి, అప్పుడు గుళికలుగా ఒత్తుతారు. కైకలూరు, భీమవరం వైపు చెరువుల మీద బతికే రైతు ఆవిరి మీద కూడా బతుకుతున్నట్టే.

ఇప్పుడు బాయిలర్లలో రకాలు. వినడానికి పేర్లు చాలా ఉంటాయి. మీరు రెండే గుర్తుపెట్టుకోండి. గొట్టంలో నిప్పు, చుట్టూ నీరు ఒక రకం. గొట్టంలో నీరు, చుట్టూ నిప్పు రెండో రకం.

మొదటి రకం మీ పెరట్లోనే ఉంది. రాగి బాయిలర్‌లో మధ్య గొట్టంలో మంట, చుట్టూ నీళ్ళు. దీన్నే పెద్దదిగా చేసి, ఒక గొట్టానికి బదులు పదుల కొద్దీ గొట్టాలు పెట్టి, నోరు మూస్తే ఫైర్ ట్యూబ్ బాయిలర్. ఇంగ్లండులో 1844లో వచ్చిన లాంకషైర్ బాయిలర్ ఈ జాతిదే. రైలింజనూ ఈ జాతిదే. తాడేపల్లిగూడెం స్టేషన్లో బుసలు కొడుతూ ఆగిన నల్ల ఇంజన్లు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ ఇంజను పొడుగాటి ఒళ్ళంతా బాయిలరే. వెనక బొగ్గు మంట, ఆ మంట పొగ గొట్టాల గుండా ముందుకు పోయి పొగగొట్టంలోంచి పైకి. 1990ల మధ్యకల్లా బ్రాడ్‌గేజ్ మీద వాటి కాలం అయిపోయింది. మిల్లుల్లో మాత్రం ఆ జాతి ఇంకా బతికే ఉంది. కట్టడం సులువు, కడగడం సులువు, లోపల నీళ్ళ నిల్వ ఎక్కువ.

రెండో రకం వాటర్ ట్యూబ్ బాయిలర్. గొట్టాల్లో నీరు పారుతుంది, మంట బయట ఉంటుంది. ప్రెషర్ బాగా పెరగాలంటే ఇదే కావాలి. పెద్ద పీపా కంటే సన్న గొట్టం ఎక్కువ ప్రెషర్‌కు తట్టుకుంటుంది. ఒక గొట్టం చిట్లినా, లోపల నీరు తక్కువ కాబట్టి, మొత్తం పీపా పగిలినంత ప్రమాదం ఉండదు. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో 1979 నుంచీ కరెంటు ఇస్తున్నది ఈ జాతి బాయిలర్లే. వాటి ఎత్తు పది పన్నెండు అంతస్తుల మేడను మించుతుంది. అంత పెద్ద బాయిలర్ నేలమీద కూర్చోదు, శ్రోతలారా. పైన ఉక్కు దూలాలకు వేలాడుతుంది. వేడెక్కిన ఇనుము సాగుతుంది కదా. బెత్తెడుకు పైగా సాగుతుంది. కింద నేల అడ్డుంటే వంగిపోతుంది. అందుకని పైనుంచి వేలాడదీసి, కిందికి సాగడానికి చోటు వదిలేస్తారు.

సరే. గొట్టంలో నిప్పయినా, గొట్టంలో నీరైనా, బాయిలర్ ప్రాణం ఒక్కచోటే ఉంది. అసలు నేను ఈ పూట వచ్చింది ఆ మాట చెప్పడానికే.

బాయిలర్‌లో భయపడాల్సింది నిప్పు ఎక్కువైనందుకు కాదు. నీరు తక్కువైనందుకు.

ఎందుకో చెబుతాను. మంట 1,000 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంత మంటలో ఇనుము మెత్తబడాలి. కానీ మెత్తబడదు. వెనకవైపు నీళ్ళున్నాయి కాబట్టి. వచ్చిన వేడిని వచ్చినట్టే నీళ్ళు లాగేసుకుంటాయి. నీరు తగులుతున్నంతసేపు ఇనుముకు ఢోకా లేదు. నీటిమట్టం దిగి, మంట తగిలే చోట ఇనుము బయటపడిందా, నిమిషాల్లో ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ ఇనుము మెత్తబడుతుంది. లోపల ప్రెషర్ దాన్ని ఉబ్బిస్తుంది, చీలుస్తుంది.

చీలితే ఏమవుతుంది? మూత పెట్టిన చోట నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు. 10 కిలోల ప్రెషర్ ఉన్న బాయిలర్‌లో నీరు 180 డిగ్రీలు దాటితే గాని మరగదు. ఆ మూత ఒక్కసారి ఊడితే, 180 డిగ్రీల నీళ్ళు నీళ్ళుగా నిలవలేవు. వాటిలో కొంత భాగం ఆ క్షణంలోనే ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. షెడ్డు పైకప్పు లేచిపోయేది అందుకే. అమెరికాలో బ్రాక్టన్ అనే ఊళ్ళో 1905 మార్చి 20న ఒక బూట్ల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. ఆ తరవాతే అక్కడి ఇంజనీర్లు కూర్చుని బాయిలర్ ఎలా కట్టాలో నియమాలు రాశారు. మన దేశంలో అంతకు ముందే, 1863లో, కలకత్తాలో బాయిలర్ పేలి ప్రాణాలు పోతే, మరుసటి ఏడే బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. తరవాత ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి అయిపోతే, అన్నిటినీ కలిపి 1923లో దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. వందేళ్ళు నడిచిన ఆ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది.

నీరు ఎంతుందో తెలిసేది ఎలా? బాయిలర్ ముందు నిలువుగా గాజు గొట్టాలు ఉంటాయి. గ్లాసు అంటారు మిల్లుల్లో. లోపల ఎంత మట్టం ఉంటే గ్లాసులో అంత మట్టం. ఒకటి కాదు, రెండు ఉండాలి. ప్రెషర్ మితిమీరితే తనంతట తానే లేచి ఆవిరిని వదిలేసే సేఫ్టీ వాల్వులూ రెండు ఉండాలి. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకోవాలి కదా. తెలిసిన ఫైర్‌మన్, అంటే బాయిలర్ చూసుకునే మనిషి, డ్యూటీ ఎక్కగానే అన్నిటికంటే ముందు ఆ గ్లాసు చూస్తాడు. ఊరికే చూడడు. కింది కాక్ తిప్పి, గ్లాసులో నీళ్ళు వదిలేసి, మళ్ళీ ఎగసి వస్తున్నాయో లేదో చూస్తాడు. దారిలో మడ్డి అడ్డుపడితే, బాయిలర్ ఖాళీ అవుతున్నా గ్లాసులో పాత నీళ్ళు అలాగే నిలబడి మోసం చేస్తాయి. 

ఇప్పుడు ఈ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. మీ ఇంట్లో ఎవరైనా మిల్లులో పనిచేస్తుంటే దగ్గరికి పిలిచి వినిపించండి. గ్లాసులో నీళ్ళు కనబడకపోతే ఏం చేయాలి? ఎవరికైనా మొదట తోచేది పంపు వేసి నీళ్ళు పెట్టాలని. వద్దు. ఆ పని చేయకూడదు. లోపల ఇనుము అప్పటికే ఎర్రబడి ఉంటే, చన్నీళ్ళు తగలగానే ఒక్కసారి ఆవిరి లేస్తుంది, ఇనుము బిగుసుకుని చిట్లుతుంది. గ్లాసులో నీళ్ళు కనబడకపోతే నీళ్ళు పెట్టకూడదు. నిప్పు ఆపాలి. ఊక ఆపాలి, గాలి ఆపాలి, అక్కడున్న మనుషుల్ని దూరంగా పంపాలి, బాయిలర్ తనంతట తాను చల్లారే దాకా ఆగాలి. మిల్లు ఆ పూట ఆగిపోతుంది. ఆగిపోనీయండి. మరోసారి చెబుతున్నాను. నీళ్ళు కనబడకపోతే నీళ్ళు పెట్టవద్దు, నిప్పు ఆపండి.

నీళ్ళు ఉండటం ఒక ఎత్తు. ఎలాంటి నీళ్ళన్నది ఇంకో ఎత్తు. మన దగ్గర ఇది పెద్ద చిక్కే. తాడేపల్లిగూడెం మెట్టకూ డెల్టాకూ మధ్య ఉంది. పైకి పోతే బోరు నీళ్ళలో సున్నం. కిందికి, కొల్లేరు వైపు దిగితే ఉప్పు. ఉప్పుటేరు దారిలో సముద్రపు పోటు ఎగదన్నే ప్రాంతాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవిరి వెళ్ళిపోతుంది గాని సున్నం వెళ్ళదు. గొట్టాల మీద తెల్లగా పేరుకుంటుంది. ఆ పొర ఇనుముకూ నీళ్ళకూ మధ్య తెరలా నిలబడుతుంది. ఫలితం? ఊక ఎక్కువ తగలేస్తారు, ఆవిరి తక్కువ వస్తుంది. అంతటితో పోతే బాగుండు. గ్లాసులో నీళ్ళు నిండుగా కనబడుతూనే ఉంటాయి, పొర వెనక ఇనుము మాత్రం నీళ్ళు లేనట్టే కాలిపోతుంటుంది. అందుకే సాఫ్ట్‌నర్ పెట్టి సున్నం తీసిన నీళ్ళే పంపాలి. రోజూ కింది వాల్వు తిప్పి అడుగున చేరిన మడ్డిని బయటికి వదలాలి. వేడి నీళ్ళు వృథాగా పోతున్నాయని దాన్ని మానేసే మిల్లరుకు ఖర్చు తగ్గదు, పెరుగుతుంది.

ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది. బాయిలర్ చల్లార్చి, ఖాళీ చేసి, కడిగి, మనిషి దూరే కంత తెరిచి పెడతారు. ఇన్‌స్పెక్టర్ లోపల చూస్తాడు, సుత్తితో తట్టి వింటాడు. అవసరమైతే బాయిలర్ నిండా చన్నీళ్ళు నింపి, పంపుతో పనిచేసే ప్రెషర్ కంటే ఎక్కువ ప్రెషర్ పెట్టి పరీక్షిస్తారు. గాలితో కాకుండా నీళ్ళతోనే ఎందుకంటే, నీరు నొక్కితే కుంచించుకుపోదు. ఎక్కడైనా పగులుంటే నీరు కారుతుంది, అంతే. గాలయితే పేలుతుంది. మిల్లుకు పని లేని రోజుల్లో ఈ తనిఖీ పూర్తి చేయించుకుంటే సీజన్లో తొందరపడక్కర్లేదు.

మిల్లర్లకు, మేత ఫ్యాక్టరీల వాళ్ళకు నా మనవి ఒకటుంది. బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న మనిషే ఉండాలని చట్టం చెబుతోంది. దానికి పరీక్ష ఉంది. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అని రెండు తరగతులున్నాయి. పాసైనవాడి పేరు కాగితం మీద పెట్టి, రాత్రి డ్యూటీలో ఊక తోసే కుర్రాణ్ణి గ్లాసు ముందు నిలబెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే. రాత్రి రెండింటికి, ఆ సెగలో, కళ్ళల్లో బూడిద పడుతుంటే రెప్ప వాల్చకుండా గ్లాసు చూసేవాడికి జీతం ఇవ్వడానికి వెనకాడకండి. వరసగా రెండు డ్యూటీలు వేయకండి. సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేస్తోందని దానికి బరువు వేలాడదీయించకండి. అది నేరం. పైగా అది లేస్తున్నది మీ మేలు కోరే. ప్రమాదం ఏదైనా జరిగితే 24 గంటల్లో ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలి. దాచిపెడితే అదే పొరపాటు పక్క మిల్లులోనూ జరుగుతుంది.

ఫైర్‌మన్ తమ్ముళ్ళకూ ఒక మాట. డ్యూటీ దిగేటప్పుడు వచ్చినవాడికి చేతులు ఊపేసి వెళ్ళిపోకండి. ఇద్దరూ కలిసి రెండు గ్లాసులూ కాక్ తిప్పి, నీళ్ళు వదిలి చూడండి. పుస్తకంలో ప్రెషర్, మట్టం, టైము రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి.  గ్లాసు మసిబారితే తుడవండి, పాతబడితే మార్పించండి. విడి గ్లాసులు, వాషర్లు షెడ్డులో చేతికి అందే చోట పెట్టుకోండి. ఓనరుగారు స్టోరు తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాక అర్ధరాత్రి ఆ గ్లాసు పగిలితే, స్టోరులో ఉన్న గ్లాసు మీకు పనికిరాదు.